హన్మయ్య తెచ్చిన కాగితం

బిందుమాధవి దగ్గర చదువుకోవడానికి వచ్చేవాళ్లు పుస్తకం కొనుక్కోనక్కర్లేదు గాని, ఇంట్లోంచి ఒక కాగితం తెచ్చుకోవాలి. కరెంటు బిల్లో, పెళ్లి కార్డో, మందుల చీటీయో, ఏదైనా సరే. "మీ ఇంటికొచ్చిన కాగితమే మీ వాచకం" అంటుంది. డిగ్రీ రెండో ఏడు చదివే పిల్ల ఇలాంటి మాటంటే కాలేజీలో లెక్చరర్లు నవ్వుతారేమో గాని, నాచారంలో వాళ్లు అద్దెకుండే ఇంటి మేడమీది రేకుల గదిలో ఎవరూ నవ్వరు. సాయంత్రం ఆరింటికి అక్కడ చాప పరిస్తే ఐదో తరగతి శ్రీహిత మొదలుకొని పూలమ్మే సాలమ్మ దాకా ఎనిమిది మంది వచ్చి కూర్చుంటారు. చిన్నా పెద్దా వరసలు లేవు. ముందొచ్చినవాళ్లది ముందు చోటు.

ఆ గదిలో "రాదు" అనకూడదు. నోరుజారి అన్నవాళ్లు లేచి నిలబడి, తమకు వచ్చిందేదో అందరికీ చెప్పాలి. హన్మయ్య చేరిన మొదటిరోజే "నాకేం రాదు మేడం" అని దొరికిపోయాడు. యాభై నాలుగేళ్ల మనిషి, పాపం, లేచి నిలబడి కాసేపు చేతులు నలుపుకొని, చివరికి శ్రీహిత నీళ్ల సీసా మూత అడిగి తీసుకున్నాడు. బొటనవేలి గోరును మూత అంచు చుట్టూ నెమ్మదిగా తిప్పుతూ, గోరుకు ఎక్కడ గీర తగిలితే అక్కడ మిషన్ అచ్చు మొద్దుబారినట్టని చెప్పాడు. ఆ వారమంతా పిల్లలు కనిపించిన మూతనల్లా గోళ్లతో గీకుతూనే ఉన్నారు.

ఆ మంగళవారం హన్మయ్య ఆరు కాకముందే వచ్చాడు. మందు సీసాల మూతలు కొట్టే ఫ్యాక్టరీ నుంచి నేరుగా రావడం వల్ల ఒంటి మీద ఖాకీ చొక్కా అలాగే ఉంది. మొహం మాత్రం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోతోంది. తలుపు దగ్గరున్న హాజరు పుస్తకం తీసి, చూడకుండానే కలంతో బర్రున సంతకం గీసి, తన చోట కూర్చున్నాడు.

"ఓ హన్మయ్యా, నా గడిల పెట్టినవ్ సూడు నీ సంతకం. ఇగ నేను రానట్టేనా ఇయ్యాల?" అంది వెనకే వచ్చిన సాలమ్మ.

"పెద్దపెద్దోళ్లు గంతే సాలమ్మా. సంతకం పెడ్తరు గని గడి సూస్తరా?"

అందరూ నవ్వారు. బిందుమాధవి కూడా నవ్వింది. హన్మయ్య సంతకం చూస్తే ఆమెకు ఎప్పుడూ నవ్వే వస్తుంది. 'హ' తలకట్టు ఇంతెత్తున లేచి, 'య్య' తోక గడి దాటి పారిపోతుంది. దాన్ని నేర్పింది ఆమే. పెద్దవాళ్లెవరు చేరినా అ ఆల కంటే ముందు సంతకమే నేర్పుతుంది. తన పేరు తను రాసుకున్న మనిషి మర్నాడు బడి మానడని ఆమె నమ్మకం. ఆ నమ్మకం ఇంతవరకు వమ్ము కాలేదు. హన్మయ్య రెండు నెలల్లో ఒక్కరోజైనా మానితే ఒట్టు.

"మేడం, ఇయ్యాల నా కాగితం" అని అతను జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి మడత పెట్టిన జిరాక్సు జాగ్రత్తగా బయటికి లాగాడు. "ఫ్యాక్టరీల ఇచ్చిన్రు. మూడు తావుల నా సంతకమే. ఇయ్యాల గిది సదువుకుంట."

బిందుమాధవి కాగితం అందుకుని పైకి చదవబోయి, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. కళ్లు కిందికి పరుగెత్తాయి. ఒక పేజీ తెలుగు టైపు. అనారోగ్య కారణాల వల్ల, నా ఇష్టపూర్వకంగా, ఈ నెలాఖరు నుంచి ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. పై విషయాలు చదివి, అర్థం చేసుకుని సంతకం చేశాను. దానికింద ఇంతెత్తున 'హ', పారిపోతున్న తోక. ఒకటి కాదు, మూడు.

"ఇది ఎప్పుడు పెట్టారు, బాబాయిగారూ?"

"పోయిన గురువారం. ఆఫీసుల తేజేష్ సారు పిలిచిండు. ఎప్పటి లెక్క ఇంకు డబ్బ తీస్తాండు. సార్, నాకిప్పుడు సంతకం వస్తది అన్న. గంతే! కుర్సీల నుంచి లేసి చెయ్యి గలిపిండనుకో. ఇరవై రెండేండ్లల్ల ఆఫీసోళ్లు నాకు చెయ్యి గలుపుడు అదే మొదలు."

"చదివి వినిపించలేదా?"

"వేలిముద్ర ఏసేటోళ్లకు సదివి ఇనిపిస్తరు మేడం. పక్కన ఇంకొకల సాచ్చెం గూడ ఉండాలె. సంతకం పెట్టెటోనికి ఎందుకు సదువుతరు?"

"మీరు అడగలేదా, ఏముందని?"

హన్మయ్య కొంచెం సిగ్గుగా నవ్వాడు. "ఎట్లడుగుత? సంతకం జేసినోడు సదువొస్తలేదంటడా? పరువు పోదా?"

ఆమె కాగితాన్ని మడిచి, "దీన్ని క్లాసయ్యాక చూద్దాం" అంది. శ్రీహితకు భిన్నాలు చెబుతూ రెండుసార్లు తప్పు చెప్పింది. సాలమ్మ ఫోనులో పేర్లు వెతుక్కోవడం నేర్చుకుంటుంటే ఊరికే తలాడించింది. హన్మయ్య మాత్రం ఆ గంటసేపూ పాత పెళ్లి కార్డు ముందేసుకుని, మూతలు కొట్టే ప్రెస్ మింగగా సగమే మిగిలిన ఎడమ చూపుడువేలుతో అక్షరాలు ఒక్కొక్కటే తడుముతూ కూర్చున్నాడు.

అందరూ వెళ్లాక మెట్ల మీద నిలబడే చెప్పింది. ఇంకెలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

హన్మయ్య మొదట నవ్వాడు. "నాకేం రోగమున్నది? మొన్నగూడ రెండు షిఫ్టులు జేసిన గద." ఆమె నవ్వకపోవడం చూసి, కాగితం తీసుకుని తన సంతకాల వంక చూశాడు. తరవాత రెయిలింగు పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"మంచిగనే పెట్టిన గద బిడ్డా. ఒక్కటిగూడ వంకర పోలే" అన్నాడు.

బిందుమాధవి ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. వాళ్లమ్మ అరుణకుమారి ఏమైందని అడిగితే తలనొప్పని చెప్పింది.

మర్నాడు హన్మయ్యతోపాటు కనకరాజు వచ్చాడు. అదే ఫ్యాక్టరీలో ప్యాకింగు చూసే మనిషి. నలుగురి తరఫున మాట్లాడతాడని పేరు, అందుకే ఆఫీసువాళ్లకు కంట్లో నలుసు. చాప మీద కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు.

"పాతోళ్లను ఎళ్లగొట్టి, కాంట్రాక్టోళ్లను పెట్టుకుంటరు. ఇదంత ముందుగాల అనుకున్నదే. నలుగురిని ఒక్కొక్కల్నే పిలిచిన్రు మేడం. ముగ్గురు వేలిముద్ర గాళ్లు. రూలు ప్రకారం సదివి ఇనిపిచ్చిన్రు, రాజీనామా అనంగనే ముగ్గురు లేసొచ్చిన్రు. సంతకం పెట్టెటోడు ఈనొక్కడే దొరికిండు."

ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. ముగ్గురినీ ఏ చదువూ లేకపోవడమే కాపాడింది. తన దగ్గరికి వచ్చి, తను గర్వంగా నేర్పిన నాలుగక్షరాలతో ఒక్క హన్మయ్య మునిగాడు. ఆ రెండు నెలలూ అతను వేరే ఎక్కడికైనా పోయి కూర్చున్నా బాగుండేది. పోనీ, తను అ ఆలతో మొదలుపెట్టినా బాగుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే మరి.

"లేబరాఫీసుల దరఖాస్తు ఇచ్చినం" అన్నాడు కనకరాజు. "వచ్చే మంగళవారం మనల్ని, ఫ్యాక్టరీ ఆఫీసోళ్లను ఇద్దర్ని రమ్మన్నది అక్కడి మేడం. పెద్ద కష్టం గాదు. ఈనకు సదువు రాదు, సదవకుంట సంతకం పెట్టిచ్చుకున్నరు, గంతే మనం జెప్పేది. నువ్వొచ్చి ఆ ఒక్క ముక్క జెప్తే చాలు మేడం. అప్పటిదాంక ఈనకు సదువు గిదువు బంద్."

హన్మయ్య కనకరాజు మెట్లు దిగిపోయేదాకా ఆగి, జేబులోంచి ఆ ప్లాస్టిక్ కవరు మళ్లీ తీశాడు.

"గిది నేర్పు మేడం."

"విన్నారుగా, బాబాయిగారూ. ఈ వారం వద్దు."

"కనకరాజుకేం తెలుసు? ఇరవై రెండేండ్ల కొలువును మింగిన కాగితం. దాన్ల ఏం రాసి ఉన్నదో నువ్వు జెప్తే ఇన్న, కనకరాజు జెప్తే ఇన్న. నా కండ్లతోని సూడాలె గద!"

"పని వచ్చాక చూసుకుందురుగాని."

"మీ ఇంటికొచ్చిన కాగితమే మీ వాచకం అన్నవ్. నా ఇంటికి గిదే వచ్చింది."

ఆమె చాప మీద కూర్చుంది.

బుధవారం మొదటి వాక్యం. గురువారం రెండోది. 'రాజీనామా' తొందరగానే వచ్చింది, అన్నీ సాఫీ అక్షరాలు. 'ఇష్టపూర్వకంగా' దగ్గర బండి ఆగిపోయింది. 'ష' కింద వేలాడే 'ట' వత్తు చూసి, "గీడ కింద ఇంకోడు ఏలాడుతాండు, ఈనెవరు?" అని అడిగాడు. శ్రీహిత కిలకిలా నవ్వి, పక్కకు వచ్చి కూర్చుని, "తాతా, పైవాడిని సగం అని, కిందవాడిని గట్టిగా అనాలి" అని నేర్పింది. శుక్రవారమంతా ఆ పిల్లా, హన్మయ్యా ఆ ఒక్క మాట దగ్గరే కూర్చున్నారు. ఆదివారం సెలవైనా వచ్చాడు. నెలాఖరు దాటిందని ఫ్యాక్టరీ గేటు దగ్గర నిన్నటి నుంచి తన కార్డు తీసుకోవడం లేదని, మిషన్ మీద కొత్త మనిషిని కూర్చోబెట్టారని చెప్పి, అంతలోనే మాట మార్చి కాగితం తీశాడు.

"వాడు అచ్చు మార్వాల్నని తెలుసుకోడు. పొద్దటి నుంచి గీర మూతలే పడతాంటయి" అన్నాడు కాసేపయ్యాక, ఎవరితోనో అన్నట్టు.

సోమవారం సాయంత్రం బిందుమాధవి అతన్ని బయట పిట్టగోడ దగ్గరికి పిలిచింది. కింద నాచారం రోడ్డు మీద షేరు ఆటోలు మల్లాపూర్, మల్లాపూర్ అని అరుస్తున్నాయి.

"రేపు అక్కడ మీరేం మాట్లాడొద్దు. కాగితం చేతికిచ్చినా చూడొద్దు. నేను చెప్తాను. మీరు సంతకం పెట్టినరోజు మీకు చదవడం తెలీదు, అది నిజమే కదా? అబద్ధం కాదు."

"అవును బిడ్డా" అన్నాడు హన్మయ్య. క్లాసులో మేడం, క్లాసు బయట బిడ్డ. ఆ లెక్క అతను ఎప్పుడూ తప్పలేదు.

"తలొంచుకు కూర్చోండి చాలు. పని మళ్లీ వస్తుంది."

"వస్తదా?"

"వస్తుంది" అంది. ఆమెకు అప్పుడు నిజంగానే ఆ నమ్మకం ఉంది.

మంగళవారం కాలేజీ ఎగ్గొట్టి, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు దిగి, మెట్రో స్తంభాల నీడలో నడుచుకుంటూ ముగ్గురూ లేబరాఫీసుకు చేరారు. హన్మయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. గంటన్నర బల్ల మీద కూర్చోబెట్టాక లోపలికి పిలిచారు. అధికారి విజయశ్రీ యాభై దగ్గర పడుతున్న మనిషి. చెడ్డదానిలా లేదు, అలసిపోయిన దానిలా ఉంది. ఎదురుగా తేజేష్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. ముప్ఫై లోపు కుర్రాడు, మెడలో ఫ్యాక్టరీ ఐడీ కార్డు పట్టీ. హన్మయ్యను చూసి "బాగున్నావా హన్మయ్యా" అని నవ్వాడు కూడా.

"ఇతనికి చదువు రాదు, చదివి వినిపించకుండా సంతకం చేయించారు. ఇదేగా మీ ఫిర్యాదు?" అని విజయశ్రీ కాగితం తిప్పి చూసింది. "సంతకం చక్కగానే ఉందే!"

"అదే మేడం నేను చెప్పేది" అన్నాడు తేజేష్. "వేలిముద్ర అయితే మేము చదివి వినిపిస్తాం, సాక్షిని పెడతాం. ఈయన ట్యూషన్‌కు పోతున్నాడు. చదువొచ్చిన మనిషి. ఇదిగో, ఆ టీచరు కూడా ఇక్కడే ఉంది."

విజయశ్రీ కళ్లజోడు పైనుంచి హన్మయ్యను చూసింది. "ఏమయ్యా, చదవగలవా?"

హన్మయ్య చెప్పినట్టే తలొంచుకున్నాడు. మోకాళ్ల మీద పెట్టుకున్న చేతులు చూసుకుంటున్నాడు.

"నువ్వు చెప్పమ్మా. ఈయనకు చదవడం వచ్చా?"

బిందుమాధవి తేజేష్ వైపు చూసింది. సంతకం పెట్టిన నాటికి రాదు అని మొదలుపెట్టాలని దారంతా అనుకుంటూ వచ్చింది. ఈ తేజేష్ ముందు, ఈ కళ్లజోడు ముందు అంత పొడుగు మాట ఎక్కడ తిరగబడుతుందోనని భయమేసింది. అతని పని నిలబడాలి, అంతే.

"రాదండీ" అంది. "చదవడం రాదు. ఆయనకు ఒక్క ముక్క రాదు."

హన్మయ్య తలెత్తాడు. అధికారి వైపు కాదు, తేజేష్ వైపూ కాదు, తన పంతులమ్మ వైపు చూశాడు. రెండు నెలలుగా ఏ నోట ఆ మాట నిషేధమో, ఆ నోటనే విన్నాడు. కోపం లేదు ఆ చూపులో. కోపమున్నా ఆమె తట్టుకునేది.

కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు.

"రాదంటే, లేసి వచ్చింది జెప్పాలె గద మేడం" అన్నాడు.

"బాబాయిగారూ, కూర్చోండి" అంది ఆమె. కనకరాజు చొక్కా పట్టుకుని లాగాడు. హన్మయ్య అప్పటికే బల్ల మీది కాగితం తీసుకున్నాడు. సగం వేలును మొదటి అక్షరం కింద ఆనించాడు.

"నేను... అనా... అనారోగ్య... కార-ణాల వల్ల..."

వేలు ఒక్కో అక్షరం కిందా ఆగుతోంది, అంచు తడుముకుంటున్నట్టు ఆగి, మళ్లీ కదులుతోంది. 'ఇష్ట' దగ్గర ఊపిరి తీసుకున్నాడు. పైవాడు సగం, కిందివాడు గట్టిగా. "ఇష్ట... పూర్వ... కంగా." చెమట పట్టింది. అయినా వదల్లేదు. చివరి వాక్యం దాకా పోయాడు. "పై విష-యాలు చదివి... అర్థం చేసుకుని... సంతకం చేశాను."

"ఆ కాగితమొక్కటే వచ్చండీ!" బిందుమాధవి దాదాపు అరిచింది. "ఈ వారమే నేర్చుకున్నారు, కంఠతా పట్టారు. వేరే ఏదైనా ఇవ్వండి, చదవలేరు!"

విజయశ్రీ ఒక్క క్షణం ఆలోచించి, ఫైలులోంచి వేరే నోటీసు తీసి హన్మయ్య ముందు పెట్టింది. హన్మయ్య దాన్ని ఎన్నడూ చూడలేదు. వేలు ఆనించాడు. "కార్మిక... శాఖ. ఇందు... మూలముగా... తెలియ... జేయున-దేమనగా..." ఇంకో వాక్యం కూడా తడబడుతూ లాగాడు. 'స్త్ర' వచ్చిన చోట ఆగి, దాన్ని దాటేసి, ముందుకు పోయాడు.

అంత వచ్చిందని బిందుమాధవికే తెలియదు. ఆ క్షణంలో ఆమెకు ఒళ్లు పులకరించిందంటే నమ్మండి. ఇంత తక్కువ రోజుల్లో, ఇంత వయసులో! శభాష్ బాబాయిగారూ అని నోటిదాకా వచ్చింది. వెంటనే ఎదురుగా తేజేష్ మెల్లగా వెనక్కి వాలడం కనిపించింది.

"బాగా చదివావయ్యా" అంది విజయశ్రీ. వెక్కిరింపుగా కాదు, మనస్ఫూర్తిగానే. తరవాత కళ్లజోడు తీసి తుడుచుకుంది. "కాని నా ముందు జరిగిందే నేను రాయాలి కదా. సంతకం నాటికి రాదు, ఇవాళ వచ్చింది అంటే దానికి కాగితం ఏముంది మీ దగ్గర? కావాలంటే కోర్టుకు పోవచ్చు." అని పక్కనున్న గుమస్తాతో, "రాయి. ఫిర్యాదుదారు చదవగలడు" అంది.

కనకరాజు మెట్ల దగ్గరే పేలిపోయాడు. "నీకేమన్న బుద్ధి ఉన్నదా హన్మయ్యా? నోట్లె అన్నం ముద్ద పెట్టినంక ఉమ్మేసినవ్ గద!" అని ఎవరికోసమూ ఆగకుండా రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

బిందుమాధవి ఆఫీసు గోడకు ఆనుకుని ఏడ్చింది. దారినపోయే వాళ్లు చూస్తున్నా ఆపుకోలేకపోయింది. హన్మయ్య పక్కన నిలబడి, ఏం చెయ్యాలో తోచక, చేతిలోని జిరాక్సును మడిచి మళ్లీ విప్పుతున్నాడు.

"ఎందుకు చదివారు? ఎందుకు?" అంది.

"తెల్వదు బిడ్డా." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆళ్లందరు అంటే ఇని ఊకుందును. ఇరవై రెండేండ్ల సంది ఇంటున్న. నీ నోట్లకెళ్లి ఆ మాట ఇనంగనే కూసోనికి పాణం ఒప్పలే."

నాచారం బస్సులో హన్మయ్యకు కిటికీ పక్క సీటు దొరికింది. బయటికి చూడలేదు.

బుధవారం సాయంత్రం ఆరైనా బిందుమాధవి చాప పరచలేదు. ఇంక ఎవరికి ఏం నేర్పాలన్నా చెయ్యి రావడం లేదు. సాలమ్మే వచ్చి మూల ఉన్న చాప దులిపి పరిచింది. పిల్లలు వచ్చారు. సాలమ్మ వెంట ఆమె చెల్లెలు లక్ష్మీనర్సమ్మ కూడా కొత్తగా వచ్చి, గోడ పక్కన ఒదిగి కూర్చుంది.

"మా చెల్లె మేడం. దీనికి ముందుగాల సంతకం నేర్పు. నీ దగ్గర జల్దిన వస్తదట గద" అంది సాలమ్మ.

బిందుమాధవి సుద్దముక్క తీసుకుంది. అది చేతిలోనే ఉండిపోయింది. అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడయింది.

హన్మయ్య ఖాకీ చొక్కా వేసుకోలేదు. చెప్పులు విడిచి, అందరికీ తలాడించి, ఎప్పటిలాగే తలుపు దగ్గరి హాజరు పుస్తకం తీశాడు. కలం తీసుకున్నాడు. గీయలేదు. పుస్తకం వెలుగుకు పట్టి, సగం వేలును పేజీ మొదట్లో ఆనించాడు.

"బిందు... మాధవి" అని చదివాడు. "శ్రీ... శ్రీహిత. సాల-మ్మ."

అతను ఒక్కో పేరూ చదువుతూ, తేదీ చదువుతూ, పైన బిందుమాధవి చేత్తో రాసిన 'హాజరు' అన్న మాటను రెండుసార్లు చదువుతూ, కిందిదాకా వచ్చాడు. తన పేరు దొరికింది. దానికి ఎదురుగా ఉన్న గడిని వేలితో అటునుంచి ఇటు తడిమి చూశాడు. పేజీ తిప్పి, వెనక ఏమైనా ఉందేమోనని అదీ చూశాడు. ఖాళీ.

"వేరే ఏం రాసి లేదు గద మేడం?" అన్నాడు, తలెత్తకుండానే.

"లేదు, బాబాయిగారూ" అంది బిందుమాధవి.

అయినా ఇంకోసారి పైనుంచి చదువుకున్నాడు. అప్పుడు తన గడిలో, గీత దాటకుండా, చిన్నగా సంతకం పెట్టి వచ్చి కూర్చున్నాడు.